రెండో నంబరు కిట్టు ఆత్మకథ

రెండో నంబరు కిట్టు ఒక ఆకుపచ్చ మందుల పొట్లం. అందులో సెక్నిడజోల్ ఒక గ్రాము మాత్రలు రెండు, ఫ్లుకొనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఉంటాయి. తెల్లబట్టతో బాధపడే ఆడవాళ్లకు సర్కారు ఆసుపత్రుల్లో పైసా తీసుకోకుండా ఇస్తారు. ఈ కథ చెబుతున్నది ఆ కిట్టే. మందుల పొట్లానికి ‘నేను’ అనుకునే అలవాటు లేదు కనుక, తన సంగతి కూడా వాడే విధానం కాగితంలో రాసినట్టే చెబుతుంది.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మూడో దశ 2007లో మొదలై 2012 దాకా నడిచింది. రంగురంగుల కిట్లు ఆ కాలంలోనే ఆసుపత్రులకు చేరాయి. మొత్తం ఏడు. ఒకటోది బూడిద రంగు, రెండోది ఆకుపచ్చ, మూడోది తెలుపు, నాలుగోది నీలం, అయిదోది ఎరుపు, ఆరోది పసుపు, ఏడోది నలుపు. తెల్లది పుండ్లకు, పసుపుది పొత్తికడుపు నొప్పికి, ఎర్రది హెర్పిస్ పొక్కులకు. పరీక్షశాల లేని ఊళ్లో డాక్టరు ఏ సూక్ష్మజీవి అన్నది తేల్చుకునే దాకా ఆగకుండా, కనిపించే లక్షణాన్ని బట్టి, దాని వెనక ఉండగల ముఖ్యమైన జబ్బులన్నిటికీ ఒకేసారి మందు ఇవ్వాలన్నది ఈ పద్ధతి. రిపోర్టు కోసం రేపు రమ్మంటే కూలి పోగొట్టుకుని మళ్లీ వచ్చేవాళ్లు తక్కువ. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని పేద దేశాలన్నిటికీ సూచించింది.

తెల్లబట్ట మందు ఎయిడ్స్ శాఖ చేతికి ఎందుకు వచ్చిందంటే దానికో చరిత్ర ఉంది. దేశంలో హెచ్‌ఐవి తొలిసారి బయటపడింది 1986లో, మద్రాసులో. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దేశమంతటా 0.28 శాతం పెద్దల్లో హెచ్‌ఐవి ఉందని తేలిస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 0.97 శాతం. ఈలోగా టాంజానియాలోని మ్వాంజా ప్రాంతంలో పన్నెండు జనావాసాలను తీసుకుని, సగం చోట్ల సుఖవ్యాధులకు లక్షణాలను బట్టి మంచి వైద్యం అందిస్తే, ఆ ఊళ్లలో కొత్త హెచ్‌ఐవి కేసులు దాదాపు 40 శాతం తగ్గాయి. 1995లో వెలువడిన ఆ ఫలితమే ఇలాంటి కిట్లకు బలమైన ఆధారం. నాలుగేళ్ల తర్వాత ఉగాండాలోని రకాయ్‌లో జబ్బు ఉన్నా లేకున్నా అందరికీ కొన్ని నెలలకోసారి మందులు మింగించి చూస్తే హెచ్‌ఐవి ఏమీ తగ్గలేదు. మందు పంచడం వేరు, మనిషి బాధతో వచ్చినప్పుడు చూసి వైద్యం చేయడం వేరు అన్న అనుమానం అప్పుడే మొదలైంది. ఆకుపచ్చ కిట్టుకు ఆ అనుమానం ఇప్పటికీ ఉంది.

ఈ కిట్టు ఉండేది నంద్యాల ఆసుపత్రిలో. కర్నూలు నుంచి కడప వైపు పోయే 40వ నంబరు జాతీయ రహదారి నంద్యాల మీదుగా, అక్కడి నుంచి ఆళ్లగడ్డ మీదుగా సాగుతుంది. కేసీ కాలువ కింద వరి, మిగతా చోట్ల పత్తి, మిరప; కలుపు తీసేదీ, కాయ తెంపేదీ ఎక్కువగా ఆడకూలీలే. ఆళ్లగడ్డ అనగానే రాతి శిల్పుల ఉలి చప్పుడు గుర్తొస్తుంది గానీ, ఆ ఊరి నుంచి నంద్యాల ఆసుపత్రికి బస్సెక్కే ఆడవాళ్ల బాధకు అంత పేరు లేదు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా కేంద్రమైంది. మరుసటి ఏడాది ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది.

ఆడమనిషి నేరుగా తెల్లబట్ట అని చెప్పుకోదు. ముందు నడుం నొప్పి అంటుంది, తర్వాత నీరసం, తర్వాత వేడి చేసింది అంటుంది. పక్కన ఎవరూ లేరని చూసుకుని అసలు మాట బయటపెడుతుంది. “ఆర్నెల్ల నుంచి తెల్లబట్ట అయితాంది మేడమ్, వాసన గూడా వస్తాంది.” కౌన్సిలర్ అడిగే మొదటి ప్రశ్న, “మీ ఆయన వచ్చినాడా అక్కా?” అని. జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: “ఆయన లారీ మీద పోయినాడు.” లారీ కాకుంటే ట్రాక్టరు, ట్రాక్టరు కాకుంటే బేల్దారి పని.

తెల్లబట్ట అంతా జబ్బు కాదు. రెండు ముట్ల నడుమ, కడుపుతో ఉన్నప్పుడు పలచగా, వాసన లేకుండా అయ్యేది సహజం. దానికి ఏ కిట్టూ అక్కర్లేదు. పెరుగు విరిగినట్టు ముద్దలుగా, దురదతో అయితే అది కాండిడా అనే బూజు. పసుపుపచ్చగా నురగతో అయితే ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవి. బూడిద రంగులో పలచగా, చేపల వాసనతో అయితే బ్యాక్టీరియల్ వెజినోసిస్. అంటే యోనిలో సహజంగా ఉండే లాక్టోబాసిల్లై తగ్గిపోయి వేరే బ్యాక్టీరియా పెరిగిపోవడం. ఫ్లుకొనజోల్ మొదటిదానికి, సెక్నిడజోల్ మిగతా రెండింటికి.

తేడా తెలుసుకోవడం పెద్ద విద్య కాదు. స్పెక్యులమ్ పెట్టి లోపల చూడాలి. స్రావాన్ని పీహెచ్ కాగితానికి అద్దితే 4.5 దాటిందో లేదో రంగే చెబుతుంది. గాజుపలక మీద స్రావానికి ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపితే వెజినోసిస్ వాసన గుప్పున వస్తుంది. ఉప్పునీటి చుక్కతో మైక్రోస్కోపు కింద పెడితే ట్రైకోమొనాస్ కుదుపులు కుదుపులుగా ఈదుతూ కనిపిస్తుంది. పది నిమిషాల పని. గర్భాశయ ముఖద్వారం నుంచే చీములాంటిది వస్తుంటే అది గనేరియా కావచ్చు, క్లమీడియా కావచ్చు. అప్పుడు బూడిద కిట్టు కూడా ఇవ్వాలి, భర్తకూ ఇవ్వాలి. ఇదంతా జరగాలంటే తెర కావాలి, బల్ల కావాలి, తీరిక ఉన్న డాక్టరమ్మ కావాలి. ఓపీలో వరస వాకిలి దాటి ఉన్న రోజున స్పెక్యులమ్ ట్రేలోనే ఉండిపోతుంది, ఆకుపచ్చ కిట్టు మాత్రం చేతికి వస్తుంది.

చూడకుండా ఇచ్చిన కిట్టు కొన్నిసార్లు మేలే చేస్తుంది. వెజినోసిస్, ట్రైకోమొనాస్, కాండిడాల్లో ఏదైనా తగ్గించగలదు. లోపలి గనేరియా, క్లమీడియాలను మాత్రం తాకనైనా తాకదు. చాలామంది ఆడవాళ్లలో అవి ఏ లక్షణమూ చూపవు కూడా. రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు తెలంగాణ పొరుగునున్న గడ్చిరోలిలో రెండు ఊళ్ల ఆడవాళ్లను పరీక్షించి 1989లో లాన్సెట్‌లో రాసిన వ్యాసం ఆడవాళ్ల జబ్బులు ఎంతగా బయటపడకుండా ఉండిపోతాయో ప్రపంచానికి చెప్పింది. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ వ్యాధి ఉంది. అంతకుముందు ఒక్కసారైనా అలాంటి పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమే.

మాత్రలు కౌన్సిలర్ ఎదుటే, అన్నం తిన్నాక మింగాలి. నోరు కాస్త ఇనుము నాకినట్టు ఉంటుంది, కొందరికి వికారం. కల్లు, సారా ముట్టకూడదు. కడుపుతో ఉంటే ఈ కిట్టు వద్దు, కాండిడాకైతే క్లోట్రిమజోల్ లోపల పెట్టుకునే మాత్ర వాడాలి. ఏడు రోజుల తర్వాత మళ్లీ రావాలి. పక్కనే ఉన్న కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రం ఐసీటీసీలో హెచ్‌ఐవి, సిఫిలిస్ పరీక్షలు చేయించుకోవాలి. కిట్టుతో పాటు కండోమ్‌ల పట్టీ కూడా చేతిలో పెడతారు. అక్కడ తరచూ వినిపించే మాట: “నాకు ఆపరేషన్ అయిపాయ గదా మేడమ్, ఇవెందుకు?” 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, కండోమ్ వాడే దంపతులు నూటికి ఒక్కరు కూడా లేరు. పిల్లల భయం తీరిన ఇంట్లో కండోమ్‌కు వేరే పని ఉందని చెప్పడమంటే, మొగుణ్ని అనుమానించమని చెప్పినట్టే.

వెజినోసిస్‌ను చిన్న ఇబ్బందిగా కొట్టిపారేయడం కుదరదు. లాక్టోబాసిల్లై తయారుచేసే లాక్టిక్ ఆమ్లం ఒక కాపలా. అది పోతే లోపలి పొర వాచి, హెచ్‌ఐవి వెతుక్కునే సీడీ4 కణాలు అక్కడికే వచ్చి చేరతాయి. పలు అధ్యయనాలను కలిపి చూస్తే వెజినోసిస్ ఉన్నవాళ్లకు హెచ్‌ఐవి సోకే ముప్పు దాదాపు 60 శాతం ఎక్కువని తేలింది. దక్షిణాఫ్రికాలో 2010లో యోనిలో పెట్టుకునే టెనొఫోవిర్ మందు జెల్ హెచ్‌ఐవి సోకడాన్ని 39 శాతం తగ్గించింది. ఆ ఆడవాళ్ల నమూనాలనే మళ్లీ పరిశీలించి 2017లో చెప్పిన సంగతి మరీ ఆసక్తికరం: లాక్టోబాసిల్లై నిండుగా ఉన్నవాళ్లలో జెల్ 61 శాతం కాపాడింది, లేనివాళ్లలో 18 శాతమే. వెజినోసిస్‌లో పెరిగే గార్డ్‌నెరెల్లా బ్యాక్టీరియా మందునే తినేస్తోంది.

తగ్గని తెల్లబట్ట ప్రైవేటు క్లినిక్కు దారి పడితే కథ మరోలా నడుస్తుంది. స్కానింగ్, ఆ పైన “గర్భసంచి చెడిపోయింది, క్యాన్సర్ అవుతుంది” అన్న మాట. 2015–16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఈ ఆపరేషన్లకు ఎక్కువగా చెప్పే కారణం అధిక రక్తస్రావం; అన్నీ అనవసరమనీ అనలేం. అయితే ఆ కారణాల జాబితాలో స్రావం కూడా ఉంది. వెజినోసిస్ ఉండేది యోనిలో. గర్భసంచి తీసినా అది ఎక్కడికీ పోదు. అనవసరపు ఆపరేషన్లను ఆపడానికి కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

కిట్టు మింగినా తెల్లబట్ట తిరిగొచ్చేది ఎందుకన్న దానికి 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక జవాబు చెప్పారు. వెజినోసిస్ ఉన్న ఆడవాళ్లలో, ఒకే భాగస్వామి ఉన్నవాళ్లను తీసుకుని, కొందరి మగవాళ్లకు కూడా ఏడు రోజులు మెట్రోనిడజోల్ మాత్రలు, పైపూతగా క్లిండమైసిన్ క్రీము ఇచ్చారు. ఆడవాళ్లకు మాత్రమే వైద్యం చేసిన జంటల్లో 12 వారాల్లో 63 శాతం మందికి జబ్బు తిరిగొస్తే, ఇద్దరికీ చేసిన జంటల్లో 35 శాతానికి తగ్గింది. ఫలితం ఎంత స్పష్టమంటే అధ్యయనాన్ని ముందే ఆపేశారు. ఆకుపచ్చ కిట్టును కూర్చిన కాలంలో వెజినోసిస్‌ను ఆడదాని ఒంటి సమస్యగానే లెక్కగట్టారు. భర్తకు బాధ కనిపిస్తేనో, భార్యకు తగ్గకపోతేనో తప్ప అతనికి మందు లేదు. ఏడు రంగుల్లో దేనిలోనూ క్లిండమైసిన్ క్రీము లేదు. పొట్లంలో ఉన్నది ఒక్క మనిషికి సరిపడే మోతాదు మాత్రమే.