సర్కారు పాట నూటొక్క కోట్లు

వెనకటికి వేలంపాట అంటే ముందు డప్పు మోగేది. తహసీలు కచేరీ ముందు బంట్రోతు నిలబడి ‘సర్కారు వారి పాట’ అంటూ ఒక అంకె వదిలేవాడు. చెరువులో చేపలు, చింతచెట్ల కాపు, సంత ఆశీలు, శిస్తు కట్టలేనివాడి గొడ్డూ గోదా ఆ పాటలోకి వచ్చేవి. ఒకటోసారి, రెండోసారి అని, మూడోసారికి ముందు కాస్త ఊపిరి పీల్చుకునేవాడు. ఆ సందులో ఎవడో ఒకడు మీసం దువ్వి అర్ధరూపాయి పెంచేవాడు.

ఇప్పుడు డప్పు లేదు, మీసమూ కనబడదు. 2025 అక్టోబరు 6న హైదరాబాదు రాయదుర్గంలో తెలంగాణ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ 7.67 ఎకరాలకు ఆన్‌లైన్‌లో పాట పెట్టింది. సర్కారు వారి పాట ఎకరం నూటొక్క కోట్లు. పాడగా పాడగా నూటడెబ్బై ఏడు దగ్గర ఆగింది. మొత్తం 1,357.59 కోట్లు.

మనవాళ్లకు కోట్లు అర్థం కావు, గజాల్లో చెప్పాలి. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం మూడు లక్షల అరవై అయిదు వేల ఏడు వందలు. చదరపు అడుగు నలభై వేల ఆరు వందల పైమాట. రెండు పాదాలూ దగ్గరగా పెట్టి నిలబడటానికే అంత కావాలి. ఒంటికాలి మీద నిలబడితే సగం కలిసొస్తుంది. తపస్సు చేసుకునే మునులకు రియల్ ఎస్టేటు సంగతులు ముందే తెలుసన్నమాట.

నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ పక్కనే కోకాపేటలో పెట్టే వేలాలు నడిచే వెబ్‌సైటు ఎవరిదో తెలుసా? ఎంఎస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థది. అది 1964లో తుక్కు ఇనుము వ్యవహారాలు చూడటానికి పుట్టింది. ఇందులో తప్పు పట్టేదేమీ లేదు. ఇంట్లో ఒక్కొక్కటీ అమ్ముకుంటూ వచ్చేవాడు చివరికి ఎవరిని పిలవాలో సర్కారుకు బాగా తెలుసు.

ఈ పాటలో మీరూ నేనూ పాల్గొనలేం. ధరావతు దగ్గరే మన కథ ముగుస్తుంది. అయినా వేలం జరిగిన మర్నాడు పండగ చేసుకునేది మనమే. సదాశివపేట దాటాక ఎక్కడో నూటయాభై గజాలున్న గుమాస్తాగారు ఆ రోజు ఆఫీసుకు కొత్త చొక్కా వేసుకొస్తాడు. షాద్‌నగర్ వెంచరు ఏజెంటు పొద్దున ఏడింటికే వాట్సాప్‌లో ‘కోకాపేటకు నలభై నిమిషాలే’ అని పెడతాడు. అర్ధరాత్రి దాటాక రోడ్డు మీద లారీలు లేకపోతే అది నిజమే. ఇంటి ఓనరు మాత్రం వాట్సాప్‌లో ఏమీ పెట్టడు. నేరుగా తలుపు కొట్టి, కాఫీ తాగి, అద్దె మాట ఎత్తుతాడు. ఆయనకు రాయదుర్గం ఎక్కడుందో తెలియదు, అంకె మాత్రం తెలుసు.

హైదరాబాదుకు వేలం నేర్పింది వినాయకుడి లడ్డూ. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలకు పాడిన లడ్డూ 2025లో ముప్పై అయిదు లక్షలు పలికింది. పాట గెలిచినవాడు దాన్ని బంధుమిత్రులకు పంచి, కొంత పొలంలో చల్లుకుంటాడు. భూమి పాట గెలిచినవాడికి కూడా పంచే గుణం ఉంది. భూమి తను ఉంచుకుని ధర ఒక్కటీ ఊరందరికీ పంచుతాడు.

ఇక రాజకీయం. ఉమ్మడి రాష్ట్రంలో 2006-07 ప్రాంతంలో కాంగ్రెస్ ప్రభుత్వం కోకాపేట భూములు వేలం వేస్తే ఎకరం పధ్నాలుగు కోట్ల దాకా పోయింది. మా భూములమ్ముకుంటున్నారని అప్పుడు గొంతు చించుకున్న పార్టీ, అంటే నేటి బీఆర్‌ఎస్, తర్వాత గద్దెనెక్కింది. 2021లో అదే కోకాపేటలో దాదాపు యాభై ఎకరాలు రెండు వేల కోట్లకు, 2023లో 45.33 ఎకరాలు 3,319 కోట్లకు అమ్మింది. అప్పుడే ఒక ప్లాటు ఎకరం నూరు కోట్లు దాటింది. 2023 ఆగస్టు 2న రైతు రుణమాఫీ ప్రకటన వచ్చింది, 3న కోకాపేట వేలం జరిగింది. పంచాంగం చూసి పెట్టిన ముహూర్తాలు కూడా ఇంత దగ్గరగా కుదరవు.

2021 వేలంలో కుంభకోణం జరిగిందని అప్పటి పీసీసీ అధ్యక్షుడు రేవంత్ రెడ్డి ఆరోపించారు. ధర్నాకు బయల్దేరబోతే పోలీసులు ఇల్లు కదలనివ్వలేదు. ఆయన ముఖ్యమంత్రి అయ్యాక 2025 నవంబరులో అదే కోకాపేట ఎకరం నూటయాభై ఒక్క కోట్లు దాటింది. ఇప్పుడు భూములమ్ముతున్నారని అడిగే వంతు బీఆర్‌ఎస్‌ది. మన దగ్గర అధికారం చేతులు మారినప్పుడు ఫైళ్లు అటు నుంచి ఇటూ, ఉపన్యాసాలు ఇటు నుంచి అటూ వెళ్తాయి. కాగితం వృథా కాదు.

మధ్యలో కంచ గచ్చిబౌలి ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన నాలుగు వందల ఎకరాలు అమ్మకానికి చదును చేద్దామని బుల్డోజర్లు దింపితే విద్యార్థులు అడ్డం పడ్డారు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. అక్కడి నెమళ్లు, జింకలు ధరావతు కట్టకుండానే నివాసం ఉంటున్నాయన్నది ప్రభుత్వం బాధ అయి ఉంటుంది.

సర్కారు దగ్గర కొంటే టైటిలు గొడవ ఉండదని ఒక నమ్మకం. 2006-07 నాటి కోకాపేట పాటగాళ్లకు ఈ మాట చెప్పకండి, నొచ్చుకుంటారు. యాజమాన్య వివాదం కోర్టుకెక్కింది, వెనకే మాంద్యం వచ్చింది. కొందరు పాటగాళ్లు కట్టిన డబ్బు తిరిగిమ్మని వాళ్లూ కోర్టు మెట్లెక్కారు. మధ్యతరగతి కోసమని 2007లో మొదలెట్టిన రాజీవ్ స్వగృహది ఇంకో కథ. ఫ్లాట్లు సగంలో ఆగాయి, ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిశాయి. ఆ సగం కట్టిన టవర్లను కూడా చివరికి అమ్మకానికే పెట్టారు. షరతు: ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా. పెళ్లిచూపుల్లో ఈ మాట అంటే పెద్దలు లేచి వెళ్లిపోతారు. వేలం నోటీసులో అంటే జనం లైను కడతారు.

ఇవన్నీ చిల్లర ముచ్చట్లు. అసలు వింత చౌటుప్పల్‌లోనో రాయగిరిలోనో చూడాలి. ప్రాంతీయ రింగు రోడ్డుకు భూమి ఇవ్వమని సర్కారు రైతు గుమ్మంలోకి వస్తుంది. అక్కడ వేలం ఉండదు, పాట ఉండదు. అధికారి రిజిస్ట్రేషన్ విలువల పుస్తకం తెరుస్తాడు, పాత దస్తావేజుల సగటు తీస్తాడు. 2013 చట్టం ప్రకారం దాన్ని ఇంతతో గుణించి, దాని మీద అంతే సొలేషియం కలిపి, ఇదిగో నీ భూమి ఖరీదు అంటాడు. బయట రేటు ఇంతకు ఎన్నో రెట్లుందయ్యా అంటే, అది ఊహాగానం అంటాడు. అదే సర్కారు కోకాపేటలో అమ్మకానికి కూర్చున్నప్పుడు ఆ పుస్తకం ఏ బీరువాలో ఉందో దొరకదు. అక్కడ ఊహాగానమే మార్కెట్టు ధర. కొనేటప్పుడు లెక్కల మాస్టారు, అమ్మేటప్పుడు పాటగాడు. ఇద్దరికీ జీతం ఒకే ఖజానా నుంచి.

అందుకని నాదొక మనవి. రాయగిరి రైతుకు కూడా ఆ తుక్కు ఇనుము వెబ్‌సైటులోనే ఒక లాగిన్ ఇప్పించండి. కనీస ధర ఆయనే పెట్టుకుంటాడు. ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా అన్న షరతు ఆయన కూడా రాస్తాడు. బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొనేవాడే చూసుకోవాలి. కారణం చెప్పకుండా ఏ దశలోనైనా వేలం రద్దు చేసుకునే హక్కు సర్కారు ప్రతి నోటీసులోనూ తన దగ్గర ఉంచుకుంటుంది కదా, ఆ వాక్యంలో ‘ప్రభుత్వం’ అన్నచోట రైతు పేరు దిద్దితే సరిపోతుంది. సర్కారు మామూలు పాటగాడిలాగే గడువులోపల ధరావతు కట్టి లోపలికి రావాలి.

ఖజానాలో అంత డబ్బెక్కడిదంటారా? రాయదుర్గంలో ఇంకో రెండెకరాలు అమ్మితే సరి.