పొగ మానిన రోజు

నేను పుట్టింది 1992లో. పేరు యమహా ఆర్ఎక్స్ 100. వంద అని పిలుస్తారు గానీ లెక్క వేస్తే 98 సీసీయే. బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 50 మిల్లీమీటర్లు. 1996లో మా తయారీ ఆగిపోయింది. అప్పటినుంచి రోడ్డు మీద ఎక్కడ నిలిపినా ఎవడో ఒక కుర్రాడొచ్చి "అన్నా, బండి ఇస్తావా?" అంటాడు. మా ఆసామి నవ్వుతాడే గానీ ఇవ్వడు.

ఆయనది మార్కాపురంలో పలకల వ్యాపారం. వయసులో ఉన్నప్పుడు ట్యాంకు మీద గోనెసంచి పరిచి, దానిమీద పలకల నమూనాలు పెట్టుకుని గనులకూ ఫ్యాక్టరీలకూ నన్ను తిప్పాడు. ఈ ఊరి పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు. ఆ పలక దుమ్ము మాత్రం నా కార్బురేటరులోనే ఉండిపోయింది. సరే, దుమ్ముతో నాకు పేచీ లేదు. నేను చెప్పబోయేది జానెడు గొట్టం సంగతి.

ఇప్పటి బళ్లకు ఇంజను అడుగున ఆయిలు నిలవ ఉంటుంది, అదే తిరిగి తిరిగి పనిచేస్తుంది. మా టూస్ట్రోకులకు ఆ భాగ్యం లేదు. పెట్రోలూ గాలీ కలిసి క్రాంకు గదిలోంచే పైకి పోవాలి కాబట్టి అక్కడ ఆయిలు నిలవ పెట్టే వీల్లేదు. ఎప్పటికప్పుడు చుక్కచుక్కగా రావాలి, బేరింగునూ పిస్టన్‌నూ తడపాలి, ఆపైన కాలిపోవాలి. నా పొగ అదే. పూర్వం ఆ ఆయిలును పెట్రోలులోనే కలిపి పోసేవాళ్లు. యమహావాళ్లు 1964లో ఆటోలూబ్ అని ఒక పంపు తెచ్చారు. పక్క కవరు వెనక నాకు టూటీ ఆయిలు డబ్బా వేరే ఉంటుంది. అక్కడినుంచి లావు గొట్టం పంపుకు, పంపు నుంచి సన్న గొట్టం ఇంజనుకు. యాక్సిలరేటరు తిప్పితే ఆ కేబులే పంపునూ లాగుతుంది. ఎంత ఉరికితే అంత ఆయిలు.

కంపెనీ వేసిన సన్న గొట్టం ఇరవై ఏళ్లు కాసి, వేడికి ఎండి, చింతబరికెలా బిర్రబిగిసింది. రోడ్డుపక్క మెకానిక్ ఒకడు దాన్ని పీకి, ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ గొట్టం ముక్క తగిలించాడు. "లోపల ఆయిలు పారేది కూడా కనపడతాది సార్" అన్నాడు. మొదట్లో నిజంగానే కనపడింది. తర్వాత పసుపెక్కింది, తర్వాత గట్టిపడింది, చివరికి నిప్పిల్ దగ్గర వెంట్రుకవాసి చీలింది.

డబ్బాలో ఆయిలు ఎప్పటిలాగే తగ్గుతోంది కాబట్టి ఆసామికి అనుమానం రాలేదు. అది ఇంజనులోకి పోవడం లేదు, నేలమీద పడుతోంది. ఆ సంగతి మొదట కనిపెట్టింది ఆయన భార్య. "ముగ్గు మీద ఈ జిడ్డేంది?" అని రెండుసార్లు అడిగింది. ఆయన వినిపించుకోలేదు. నా పొగ తగ్గిందని వీధివీధికీ చెప్పుకుంటున్నాడు మరి! "వయసొచ్చి కుదురుకుందబ్బా బండి" అని. లోపల నేను దాహంతో అల్లాడుతున్నాను.

ఆ నెలలోనే శ్రీశైలం ప్రయాణం. పోవడం ఎలాగో పోయాం. తిరుగుదారిలో ఘాటు దిగి, దోర్నాల వైపు చదును రోడ్డెక్కగానే యాక్సిలరేటరు తిప్పాడు. కీచుమని ఒక్క అరుపు అరిచి బిగుసుకుపోయాను. వెనకచక్రం ఈడ్చుకుపోయింది. పాతచేయి కాబట్టి వెంటనే క్లచ్ పట్టాడు, ఇద్దరమూ పడలేదు. ఆ సాయంత్రం మినీ లారీ ఎక్కి మార్కాపురం చేరాను. అంతకంటే సిగ్గుపడిన రోజు నా బతుకులో లేదు.

"పంపు పీకేసి పెట్రోల్లో ఆయిలు కలుపుకోండి, పీడా పోద్ది" అన్నాడు ఒక మెకానిక్. నా ఈడు బళ్లలో చాలావాటికి ఇదే శిక్ష పడింది.

రెండోవాడు గిద్దలూరు మనిషి. 1970 దాకా ఆ తాలూకా కర్నూలు జిల్లాలోనిదే, మాటలో ఆ యాస ఇంకా పోలేదు. కువైట్‌లో పదేళ్లు పడవ ఇంజన్లు బాగుచేసి వచ్చాడట. అక్కడి పెద్ద టూస్ట్రోకు ఇంజన్లకు ఒక్కో సిలిండరుకు ఒక్కో సన్న గొట్టమట. "అవి తెగేదాకా ఉంచం సార్. ఏండ్లు లెక్కబెట్టి మారుస్తాం. సముద్రం మధ్యన పట్టేస్తే మినీ లారీ యాడ నుంచి వస్తాది?" అన్నాడు. పంపు ఎందుకు పీకకూడదో కూడా చెప్పాడు. ఘాటు దిగేటప్పుడు యాక్సిలరేటరు మూసే ఉంటుంది, ఇంజను మాత్రం జోరుగా తిరుగుతుంది. ఆయిలును పెట్రోల్లో కలిపితే, పెట్రోలు రానప్పుడు ఆయిలూ రాదు. పంపు ఇంజనుతోపాటే తిరుగుతుంది కాబట్టి అంతో ఇంతో తడుపుతూనే ఉంటుంది. నల్లమల కింద కాపురమున్న బండికి ఇంతకంటే ఏం కావాలి?

బోరు చేయించి 0.25 ఓవర్‌సైజు పిస్టన్ వేశాడు. ఆ తర్వాత గొట్టాల పని. ఆయిలుకు ఆగే గొట్టం తెచ్చి పాతదాని పక్కన పెట్టి కొలిచి కోశాడు. పొడుగైతే సిలిండరుకు తగిలి కాలుతుంది, పొట్టిదైతే అదురుకు ఊడుతుంది. కొసను వేడినీళ్లలో ముంచి మెత్తబరిచి నిప్పిల్‌కు ఎక్కించాడు. పాత క్లిప్పులు పారేసి కొత్తవి వేశాడు. పంపు మీది గాలి స్క్రూ విప్పి, బుడగలు ఆగి ఆయిలు ధారగా వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాడు. సన్న గొట్టాన్ని ముందే ఆయిలుతో నింపాడు, సిరంజితో. ఆసుపత్రి సామాను నాకు మేలు చేసింది ఆ ఒక్కసారే. మొదటి ట్యాంకు పెట్రోలులో కాస్త ఆయిలు కలిపి పోశాడు, గొట్టంలో ఎక్కడైనా గాలి మిగిలితే పిస్టన్ ఎండకుండా. కిక్కు కొట్టి, సన్నగా తిరుగుతుండగా పంపు కేబులును వేలితో పూర్తిగా లాగి పట్టుకున్నాడు.

పొగొచ్చింది. ఆసామి మొహం చిట్లించాడు. నా పొగ ఊరికి మంచిదని నేననను. మా తయారీ ఆపినవాళ్లది తప్పనీ అనను. కానీ నేను రోడ్డు మీద ఉన్నన్నాళ్లూ అది ఉండాల్సిందే.

మూడేళ్లకోసారి గొట్టం మార్చమని చెప్పి, మర్చిపోతారని పక్క కవరు లోపల తెల్లపెయింటుతో ఏడాది రాసిపోయాడు ఆ గిద్దలూరాయన. అక్కడ 2021 అని ఉంది. ఆసామి ఆ కవరు లోపలివైపు ఇంతవరకు చూడలేదు.