బస్తాకో న్యాయం, గ్రాముకో న్యాయం

సర్కారు గోదాములో బియ్యం మాయమైతే ముందుగా నింద పడేది ఎలుక మీద. దానికి సంతకం రాదు, సంజాయిషీ ఇచ్చుకోలేదు, ముందస్తు బెయిలు అడగదు. ఇంతకన్నా అనువైన ముద్దాయి ఎక్కడ దొరుకుతుంది? పైగా దాని జీర్ణశక్తి మామూలుది కాదు. ఉత్తరప్రదేశ్‌లోని మథురలో తాము పట్టుకున్న గంజాయిలో ఐదు వందల కిలోలకు పైగా ఎలుకలే తినేశాయని 2022లో సాక్షాత్తూ పోలీసులే కోర్టుకు విన్నవించుకున్నారు. గంజాయినే అరిగించుకున్న జాతికి దొడ్డు బియ్యం ఒక లెక్కా!

చట్టానికి మాత్రం ఎలుక మీద అంత నమ్మకం లేదు. తనకు అప్పగించిన సర్కారు సొత్తును మింగిన ఉద్యోగికి ఐపీసీ 409 కింద పదేళ్ల దాకా, లేదంటే యావజ్జీవం కూడా పడొచ్చు. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలైతే భారతీయ న్యాయ సంహిత 316(5). నంబరు మారింది, నమిలేవాళ్లు మారలేదు. దీనికి అవినీతి నిరోధక చట్టం అదనం. బొంబాయి రాష్ట్రంలో ఒక అద్దకం మిల్లువాళ్లు సర్కారిచ్చిన గుడ్డలో లక్ష గజాలకు పైగా తిరిగివ్వలేక, చెదలూ చిమ్మటలూ తినేశాయన్నారు. సుప్రీంకోర్టు 1960లోనే ఆ కథను తోసిపుచ్చి, నేరనిర్ధారణను ఖాయం చేసింది. సొత్తు అప్పగించినట్టు రుజువై, లెక్క చెప్పాల్సినవాడు కట్టుకథ చెబితే, కాజేశాడని అనుకోవచ్చు. సూత్రం ఇంత సూటిగా ఉంది.

మరి ఇలాంటి కేసుల్లో అప్పీళ్లు ఎక్కడ మలుపు తిరుగుతాయి? అప్పగింత దగ్గర, కాటా దగ్గర. తనిఖీ చేసిన అధికారి బోనులో ఉన్నాడనుకోండి.

"గోదాములో బియ్యం ఎంత తగ్గింది?"

"రెండు వందల క్వింటాళ్లండి."

"తూచారా?"

"బస్తాలు లెక్కపెట్టి యాభైతో గుణించామండి."

"బస్తాలన్నీ దించారా?"

"దొంతరకు ఇన్ని వరసలని కింద నుంచే చూశామండి."

"కాటా వేయలేదేం?"

"రిపేరులో ఉందండి."

వకీలుగారు ఇక కూర్చోవచ్చు, సంశయలాభం ముద్దాయిదే. చుట్టూ గోడలా బస్తాలు పేర్చి నడుమ బోలుగా వదిలేసే విద్య గోదాముల్లో పాతదే. కింద నుంచి చూసినవాడికి ఆ బోలు కనబడదు. బస్తాలో ఉన్నది బియ్యమో ఊకో యాభైతో గుణిస్తే తేలదు. తేమ ఆరితే ధాన్యం బరువు తగ్గుతుంది, వానాకాలపు తేమ పీలిస్తే గోధుమ బరువెక్కుతుంది. నిబంధనల్లో తరుగుకు లెక్క ఉంది. ఆ తరుగుకు కాళ్లొచ్చి ఏ మిల్లు దారి పట్టిందో చెప్పే లెక్కే లేదు.

అయితే బోనులో నిలబడ్డ ప్రతివాడూ దొంగేమీ కాదు. బదిలీ మీద వచ్చిన కుర్రాడి చేతిలో తాళాలు పెట్టి, "ఇక్కడ సంతకం పెట్టవయ్యా, మీ పెద్దసారుకి అంతా తెలుసు" అంటారు. గోదామంతా తూచాలంటే రోజులు పడతాయి, హమాలీల కూలి ఎవరిస్తారు? కుర్రాడు సంతకం పెడతాడు. ముందున్నవాడి లోటంతా ఆ ఒక్క గీతతో అతని మెడకు చుట్టుకుంటుంది. కింది కోర్టులో శిక్ష, పై కోర్టులో అప్పీలు, ఈలోగా సస్పెన్షన్, ఆగిన ఇంక్రిమెంట్లు. అప్పగించిన రోజు తూకం లేకపోతే దొంగను పట్టుకోనూ లేం, దొర అని వదిలిపెట్టనూ లేం. లాభం ఎవరిదంటే, ముందే బదిలీ చేయించుకున్నవాడిది.

ఈ దేశంలో తూకం అంటే ఏమిటో చూడాలంటే రేషన్ షాపుకెళ్లాలి. ఆహార భద్రతా చట్టం ప్రకారం మనిషికి నెలకు ఐదు కిలోలు. ఆ ఐదు కిలోల కోసం వేలిముద్ర, ఈ-పోస్ మిషను, ఎలక్ట్రానిక్ కాటా, రసీదు. నాట్లేసి, అంట్లు తోమి వేళ్లరిగిపోయిన ముసలమ్మను మిషను గుర్తుపట్టకపోతే, "అవ్వా, ఇంకోసారి గట్టిగా నొక్కు" అంటాడు డీలరు. నాలుగుసార్లు నొక్కినా పడకపోతే మళ్లీ రమ్మంటాడు. ఐదు కిలోల దగ్గర ఇంత పట్టింపున్న సర్కారుకు ఐదు వేల బస్తాల దగ్గర కంటిచూపు చాలుతోంది. ముసలమ్మకు సంశయలాభం ఇచ్చే బెంచి ఏ కోర్టులోనూ లేదు.

కనుక నాదొక మనవి. కొత్త చట్టాలూ, విచారణ సంఘాలూ అక్కర్లేదు. గోదాము చేతులు మారిన ప్రతిసారీ సరుకంతా కాటా మీదకెక్కాలి. హమాలీల కూలి సర్కారే ఇవ్వాలి. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ముసలమ్మలాగే వేలిముద్ర వేయాలి. లెక్క కుదిరేదాకా, కిందున్న గుమాస్తా నుంచి పైనున్న పెద్దసారు దాకా ఎవరికీ ఆ నెల జీతం పడకూడదు. రిపేరులో ఉన్న కాటా ఆ సాయంత్రానికల్లా బాగవకపోతే నన్నడగండి.