కొట్టేశాక చెట్టును కాపాడుకోవడం ఎలా?

మీ వీధి చివర ఖాళీ స్థలంలో ఓ చింతచెట్టు ఉంది. స్థలం చేతులు మారింది. కుర్రాళ్లెవరో వచ్చి కొలతలు వేసి, సున్నంతో గీతలు గీసి వెళ్లారు. మర్నాటికల్లా చుట్టూ రేకులు లేచాయి. మీకా, చెట్లంటే ప్రాణం. ఇప్పుడేం చేయాలి?

ముందు కంగారు పడకండి. చెట్ల ప్రేమికుల్లో రెండు రకాలున్నారు. చెట్టు ఉండగా ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు, పోయాక ఫేస్‌బుక్‌లో కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు. మొదటివాళ్లకు మిగిలేది మోకాళ్ల నొప్పులు. రెండోవాళ్లకు బోలెడు లైకులు. ఈ చిట్కాలు రెండోవాళ్ల కోసం. ఎన్నో కాలనీల్లో పెద్దమనుషులు తు.చ. తప్పకుండా పాటించి ఫలితం చూసినవి.

1. మేస్త్రీ మాట నమ్మండి

రేకుల వెనక రంపం మోత వినిపిస్తే వెళ్లి అడగండి, తప్పులేదు. "అన్ని పర్మిషన్లు ఉన్నయి సార్" అంటాడు మేస్త్రీ. "అట్లాగా నాయనా" అని వెనక్కి వచ్చేయండి. కాపీ చూపించమనడం మర్యాద కాదు. సరుగుడు, సుబాబుల్, నీలగిరి లాంటివి కొన్ని మినహాయిస్తే, సొంత స్థలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి ఉండాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. ఈ సంగతి తెలిసినా తెలియనట్టే ఉండండి. ఆ కాగితం అడిగి చూశారంటే లేనిపోని తలనొప్పి. మూడు చెట్లకు అనుమతి తెచ్చి ఏడు పడగొడుతున్నారని తేలితే ఆ రాత్రి నిద్ర పట్టనిది మీకే కదా, వాళ్లకు కాదు.

2. చెట్లను లెక్కపెట్టకండి

ప్రేమకు లెక్కలేమిటి? చేవెళ్ల దారిలో కొందరు ఈ పొరపాటు చేశారు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు వెడల్పు చేస్తామన్నప్పుడు "అయ్యో, మర్రిచెట్లు" అని కారు అద్దంలోంచి నిట్టూర్చి ఊరుకుంటే సరిపోయేది. అలా కాక ఎండలో దారి పొడవునా నడిచి, ఒక్కో మర్రినీ లెక్కపెట్టి, ఏది ఎక్కడుందో రాసుకున్నారు. సుమారు తొమ్మిది వందలు తేలాయి. ఆ జాబితా పట్టుకుని చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంచి మెట్లెక్కారు, ఏళ్ల తరబడి తిరిగారు. చివరికి రోడ్డు డిజైనే మారి, ఎక్కువ మర్రులు ఉన్నచోటే ఉండేలా ఏర్పాటు జరిగింది. ఎంత శ్రమో చూశారా!

మీరు మాత్రం "మా తాతల నాటి చెట్టండీ, ఇంత లావుంటుంది" అని చేతులు బార్లా చాపి చూపించండి, చాలు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున టేపు చుట్టి చుట్టుకొలత రాసుకోవడం, తేదీ పడేలా నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయడం, గూళ్లు ఎన్నున్నాయో చూడడం అధికారుల పని. రేపు "అక్కడ చెట్టే లేదు, ఏవో పొదలుండేవి" అని జవాబు వచ్చినప్పుడు మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. కాబట్టి వాదనా ఉండదు.

3. పండక్కి తప్పకుండా ఊరెళ్లండి

చెట్లు కొట్టించేవాళ్లకు పంచాంగం మనకన్నా బాగా తెలుసు. రెండో శనివారం, సంక్రాంతి, దసరా. ఆఫీసులకు తాళాలు, కోర్టులకు సెలవులు. 2025లో ఉగాది ఆదివారం పడింది, మర్నాడు రంజాన్. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు సరిగ్గా అప్పుడే దిగాయి. హైదరాబాద్ యూనివర్సిటీ విద్యార్థులు ఇళ్లకెళ్లి ఉగాది పచ్చడి తినక, యంత్రాలకు అడ్డంపడ్డారు, వీడియోలు తీశారు, పోలీసు వ్యాన్లెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే విషయం చేపట్టి పని ఆపించింది. అప్పటికి పోయింది సుమారు వంద ఎకరాల్లో పచ్చదనం. పిల్లలు కూడా సెలవులు ముగిశాకే తిరిగొచ్చి ఉంటే తక్కిన మూడు వందల సంగతీ తేలిపోయేది.

సెలవులు చూసి మరీ ఎందుకు మొదలుపెట్టారని కోర్టు తర్వాత నిలదీసింది. అదేం ప్రశ్న? సెలవుల్లో కాక, అందరూ చూస్తుండగా కొడతారా ఎవరైనా?

4. మొదట్లోకి తొంగి చూడకండి

పచ్చని చెట్టును ఒక్కసారే పడగొడితే గొడవ. మెల్లగా చస్తే సహజ మరణం. అందుకని చెట్టు మొదట్లో ఏముందో చూడకండి. బొటనవేలు పట్టేంత రంధ్రం, దాన్ని మూస్తూ పచ్చిమట్టి ముద్ద, పక్కకు జారిన గోధుమరంగు చార, ముక్కుకు తగిలే యాసిడ్ ఘాటు. లేదా మొలతాడు కట్టినట్టు చుట్టూ ఒలిచేసిన బెరడు. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్లకు దిగుతుంది. ఆ దారి తెగితే పైన ఇంకా పచ్చగా కనిపిస్తుండగానే కింద వేళ్లు పస్తులతో చస్తాయి. నెలలు పడుతుంది. ఈలోగా ఎవరికీ అనుమానం రాదు. వానాకాలంలో ఆకు రాలితే "ఈసారి ఎండలు ఎక్కువ కదా" అనుకోండి. ఆ తర్వాత "ఎండిన చెట్టు, కరెంటు తీగల మీద పడేలా ఉంది" అని అర్జీ వెళ్తుంది. సంతకాల కోసం మీ దగ్గరికే వస్తారు. పెట్టేయండి.

ఇంకా తొందరగా కావాలంటే కాలనీ చందాలతో చెట్టు చుట్టూ సిమెంటు అరుగు కట్టించండి. కాండానికి ఆనుకునేలా, వానచుక్క ఇంకకుండా. చెట్టు చుట్టూ కనీసం మీటరు మేర కాంక్రీటు తొలగించాలని ఢిల్లీ విషయంలో హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది గానీ, మన అరుగు మీద దాతల పేర్లుంటాయి, దాన్నెవరు పగలగొడతారు? మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించారు. అది ఏడు వందల ఏళ్లదని పేరున్న మర్రి. మీ వీధి చింతకు అంత భోగం ఎందుకు?

5. దేవుడి మీద భారం వేయండి

పసుపు రాయండి, బొట్లు పెట్టండి, ఎర్రగుడ్డ కట్టండి. పిటిషన్ రాయడం కన్నా ఇది తేలిక. పొక్లెయిన్ ఆపరేటర్‌కూ భక్తి ఉంటుంది. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, చెంపలు వేసుకుని మరీ కూలుస్తాడు.

6. చెట్టును బదిలీ చేస్తామంటే చప్పట్లు కొట్టండి

"కొట్టడం లేదండీ, ట్రాన్స్‌లొకేట్ చేస్తున్నాం" అని బిల్డర్ అనగానే అడ్డు తప్పుకోండి. గుమాస్తాకు బదిలీ అయినట్టే అనుకోండి, పొద్దున ఇక్కడ చార్జి అప్పగించి సాయంత్రానికి అక్కడ సంతకం. పద్ధతిగా చేయాలంటే కొమ్మలు తగ్గించాలి, చుట్టూ కందకం తీయాలి, కొత్త వేళ్లు వేసేదాకా ఆగాలి, వేరుమట్టి చెదరకుండా గోనెపట్టాతో బిగించాలి, క్రేన్‌తో లేపి ముందే తవ్విన గోతిలో దించాలి, ఆపైన నెలల తరబడి నీళ్లు పోయాలి. మర్రి, రావి, జువ్వి ఇంత బాధకూ ఓర్చుకుంటాయి. లోతుగా వేరు దిగిన ముదురు చింతకూ వేపకూ ఆశ తక్కువ. ఇవన్నీ మీకెందుకు? క్రేన్ ఎత్తేటప్పుడు వీడియో తీసుకుని వచ్చేయండి. రోజూ ట్యాంకరు ఎవరు తెస్తారు, ఎన్నాళ్లు, చెట్టు చస్తే పూచీ ఎవరిది అని రాతపూర్వకంగా అడిగేవాళ్లను ఫంక్షన్లకు కూడా ఎవరూ పిలవరు.

7. ఒక చెట్టుకు పది మొక్కలు పుచ్చుకోండి

ఒకటికి పది. లాభసాటి బేరం. చింత పోతే కోనోకార్పస్ వస్తుంది. గోడలా పెరుగుతుంది. డివైడర్ల నిండా నాటాక 2022లో తెలంగాణ ప్రభుత్వం ఇక వద్దని ఆపేసినా, మీరు వెనుదీయకండి. గొయ్యి ఎక్కడ తీయాలన్న చింత వద్దు, నిరుడు మొక్క చచ్చిన గొయ్యే సిద్ధంగా ఉంటుంది. మొక్క కన్నా ఫ్లెక్సీ పెద్దదిగా ఉండాలి. కట్టడానికి చోటు లేకపోతే మిగిలిన వేపకు మేకులు కొట్టండి.

వనజీవి రామయ్యగారి దారి పట్టకండి. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి నుంచి మెడలో బోర్డు వేసుకుని, గింజలు వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి, నాటినవి బతికేదాకా చూసుకున్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది నిజమే. కానీ అంతకాలం ఎవరు తిరుగుతారు? మీ సెల్ఫీకి సాయంత్రానికే గుర్తింపు వస్తుంది.

8. పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకండి

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. 2021లో హైదరాబాద్ సైదాబాద్‌లో ఇంటి నిర్మాణం కోసం ఓ పెద్ద వేపను కొట్టేశారు. పెద్దలంతా నోరు మూసుకుని ఉన్నారు. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు అటవీశాఖ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేశాడు. అధికారులు వచ్చారు, విచారించారు, 62,075 రూపాయల జరిమానా వేశారు. కొత్త ఫ్లాటులో ఆ డబ్బుకు చాపెడు జాగా కూడా రాకపోవచ్చు. అయినా ఇలాంటివి అలవాటైతే ప్రమాదం. బృందావనం దగ్గర 454 చెట్లు కొట్టిన కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెట్టుకు లక్ష రూపాయల జరిమానాను ఖాయం చేసింది. పెద్దసంఖ్యలో చెట్లు నరకడం మనిషిని చంపడం కన్నా ఘోరమని కూడా అంది. ఏడు చెట్లకు ఏడు లక్షలంటే బిల్డర్ రేపు చెట్లను వదిలేసి ప్లాను గీయించుకోవడం మొదలుపెడతాడు.

పొరపాటున కూడా చేయకూడనివి

స్థలం అమ్ముడైందని తెలిసిన వారమే చెట్లను లెక్కపెట్టి, ఫొటోలతో అటవీశాఖకూ మున్సిపాలిటీకీ అర్జీ ఇచ్చి రసీదు పుచ్చుకోవడం. అనుమతి కాగితాల కోసం పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద అడగడం. జవాబుకు నెల పడుతుంది కాబట్టి, అడిగితే యంత్రం రాకముందే అడగడం. ప్లాను దశలోనే బిల్డర్ దగ్గరికి వెళ్లి, పార్కుకు వదలాల్సిన జాగాను చెట్టున్న వైపుకు జరపమనడం. సెలవుల్లో ఎవరు కాపలా ఉండాలో వంతులు వేసుకోవడం. రంపం మోత వినగానే 100కు ఫోన్ చేసి, కాపీ చూపించేదాకా అక్కడే నిలబడడం.

ఇవన్నీ చేశారంటే చెట్టు బతికి కూర్చుంటుంది. అప్పుడు రోజూ కార్ల మీద కాకిరెట్టలు, వాకిలి నిండా చింతాకు, మధ్యాహ్నం నీడలో ఆటో డ్రైవర్ల కునుకు, ఎండాకాలమంతా పక్కవీధి పిల్లల రాళ్లు. కాలనీ మీటింగులో మొదటి ఫిర్యాదు మీదే కావాల్సి వస్తుంది: "ఈ ఆకులు ఎవరు ఊడుస్తారండీ?"