కప్పు లేని స్తంభాలకు టికెట్టు ఎంత?

నాచారం, హబ్సిగూడ అపార్టుమెంట్లలో ఈ మధ్య కొత్త మాట వినబడుతోంది: వీకెండ్‌కు ఏథెన్స్. ఒకప్పుడు శని ఆదివారాలొస్తే యాదగిరిగుట్టకు పోయి, పులిహోర తెచ్చి, లిఫ్టు దగ్గర కనబడ్డవాళ్లకల్లా పెట్టేవాళ్లు. ఇప్పుడు శుక్రవారం రాత్రి ల్యాప్‌టాప్ మూసి, గల్ఫ్‌లో విమానం మారి, శనివారం ఏథెన్స్‌లో దిగి, ఆదివారం మళ్లీ విమానమెక్కి, సోమవారం ఆఫీసు మీటింగులో కళ్లు నులుముకుంటూ కూర్చుంటారట. "రెండ్రోజులు చాలు వదినా, మెయిన్‌వి చూసొచ్చేస్తం" అంటోంది మూడో అంతస్తు ఇల్లాలు. సోక్రటీసుకు పూట, ప్లేటోకు పూట. అరిస్టాటిల్ వంతు వచ్చేసరికి చెకిన్ టైమవుతుంది.

తిరిగేది రెండు రోజులే గానీ, తతంగం ఆర్నెల్ల ముందే మొదలు పెట్టొచ్చు. షెంజెన్ వీసాకు పెద్దలకు తలా 90 యూరోలు, ఆరు దాటిన పిల్లలకు 45. వీసా ఇచ్చినా, ఇవ్వకపోయినా ఆ డబ్బు వాళ్లదే. 30 వేల యూరోలకు తగ్గకుండా ప్రయాణ బీమా. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, ఇంకా దిగని హోటల్ రసీదు, ఇంకా ఎక్కని విమానం టికెట్టు, 'ఇతనికి సెలవిచ్చాం, తిరిగొచ్చి పనిలో చేరతాడు' అంటూ కంపెనీవారి పూచీ. పిల్లనిచ్చేటప్పుడు వియ్యంకుణ్ని కూడా ఇన్ని కాగితాలు అడగం. ఆస్తి చూపిస్తే నమ్మకం కుదురుతుందని ఏజెంటు మూడో అంతస్తువాళ్ల చెవిలో వేశాడు. వెంటనే మేడిపల్లిలో కొన్న నూటయాభై గజాల ప్లాటు దస్తావేజు కూడా ఫైల్లోకెక్కింది. ఆ ప్లాటు మొహం చూడక వాళ్లకు చాలాకాలమైంది. ఎందుకో తర్వాత చెబుతాను.

సరే, వీసా వచ్చిందనుకుందాం. ఏథెన్స్‌లో మొదట ఎక్కాల్సింది అక్రోపొలిస్ కొండ. 2025 ఏప్రిల్ నుంచి టికెట్టు 30 యూరోలు. రోజుకు ఇరవై వేల మందికి మించి పంపరు, ఏ గంటకు రావాలో ముందే బుక్ చేసుకోవాలి. మనవాళ్లు పిల్లల సెలవులు చూసుకుని ఎండాకాలంలో పోతారు కదా, అప్పుడింకో ముచ్చట. ఎండ నలభై దాటితే మధ్యాహ్నం పూట కొండే మూసేస్తారు. 2025 జులైలో పన్నెండు నుంచి ఐదింటిదాకా గేటు బంద్. ఆ పాటి ఎండలో మనం ఉప్పల్ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర హెల్మెట్ తీయకుండా నిలబడతాం. మనల్ని మూసిన నాథుడు లేడు.

గేటు తెరిచే వేళకే వెళ్లారనుకున్నా, పైన కనిపించేది పార్థినాన్. 1687లో వెనిస్ వాళ్లు వేసిన ఫిరంగి గుండుకు, లోపల తురుష్కులు దాచుకున్న మందుగుండు పేలి, కప్పు ఎగిరిపోయింది. మిగిలిన శిల్పాల్లో సగందాకా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో కూర్చున్నాయి. అంటే లక్షలు పోసి, తలకు టోపీ పెట్టి, మన కుటుంబం చూసొచ్చేది వరసగా స్తంభాలు, పైన ఆకాశం.

ఉప్పల్ మనిషికి దీనికోసం విమానమెందుకండీ?

వరంగల్ రోడ్డు మీద ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 6.2 కిలోమీటర్లు, ఆరు వందల కోట్లకు పైబడిన ఎలివేటెడ్ కారిడార్. 2018లో మొదలెట్టి 2020 కల్లా అప్పగిస్తామన్నారు. 2025లో కూడా కొన్నిచోట్ల పైన పలక పడింది, కొన్నిచోట్ల స్తంభాలకు ఆకాశమే కప్పు. కింద గుంతలు, గుంతల్లో బురద, బురద ఎండితే దుమ్ము. అక్రోపొలిస్‌కు ఉన్న హంగుల్లో ఒక్క టికెట్ కౌంటరే తక్కువ. మూడో అంతస్తువాళ్లు తమ ప్లాటు దాకా ఎందుకు పోలేదో ఇప్పటికి అర్థమై ఉండాలి. ఏథెన్స్ పోవాలంటే కాగితాలుంటే చాలు. మేడిపల్లి పోవాలంటే నడుము ఉండాలి.

పార్థినాన్ కట్టడం క్రీస్తుపూర్వం 447లో మొదలైంది, 438కి నిలబడింది. తొమ్మిదేళ్లు. జేసీబీ లేదు, టిప్పర్ లేదు, ఆరంభానికీ ముగింపుకీ మధ్య టెండరు మళ్లీ పిలవలేదు. ఈ లెక్క మన అధికారుల చెవిన పడితే చిన్నబుచ్చుకుంటారు. అందుకని వాళ్లను స్టడీ టూర్‌కు పంపేటప్పుడు కొండ ఎక్కించకుండా, కింద ఉన్న జియస్ దేవాలయానికి తీసుకెళ్లాలి. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో మొదలై, ఆరు వందల ఏళ్లు పైగా నానిన పని అది. చివరికి రోమన్ చక్రవర్తి హేడ్రియన్ పూర్తి చేయించాడు. 104 స్తంభాల్లో ఇవాళ నిలబడి ఉన్నవి పదిహేను. అక్కడ మనవాళ్లు తల పైకెత్తుకుని ఫొటో దిగొచ్చు: మేమింకా తొందరపడుతున్నవాళ్లమే అని.

గ్రీకు పిచ్చి అంతగా ఉంటే ఊళ్లోనే తీర్చుకోవచ్చు. నిజాం కొలువులో పనిచేసి 1798లో పోయిన ఫ్రెంచి సైనికాధికారి రేమండ్ సమాధి ముందు గ్రీకు పద్ధతి మంటపం ఉంది, మలక్‌పేట వైపు. కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ కట్టించిన కిర్క్‌పాట్రిక్ పేరు మధ్యలో ఏకంగా అకిలీసే ఉన్నాడు, ముంగిట కొరింథియన్ స్తంభాలున్నాయి. నాచారం పక్కనే మౌలాలి గుట్ట కింద 1824లో కన్నుమూసిన కవయిత్రి మాహ్ లఖా బాయి సమాధి ఉంది. దాన్ని బాగుచేయడానికి అమెరికా ప్రభుత్వం డబ్బిచ్చింది. అంతదూరం వాళ్లకు కనబడింది. పక్క వీధివాళ్లకు వీసా అడగని చోటు చరిత్ర కిందికి రాదు.

ఇక నిజమైన కొండకోట కావాలంటే భువనగిరి. ఉప్పల్ నుంచి సుమారు నలభై కిలోమీటర్లు. ఊరి నడుమ ఒకే బండ, దానిమీద చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మోసే కోట. 2014లో పదమూడేళ్ల మలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కిందే, ఆ పిల్ల ఎక్కడం నేర్చుకున్నది ఈ బండ మీదే. మూడో అంతస్తువాళ్లను అడిగితే, "అబ్బా, ఆ రోడ్డు మీద ఎవరు పోతరు!" అన్నారు. కాదనలేకపోయాను.

అందుకే కేంద్రానికి నాదొక విన్నపం. ఉప్పల్–నారపల్లి స్తంభాలను రక్షిత కట్టడంగా ప్రకటించండి. చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, కాబట్టి ఫ్లైఓవర్ పూర్తిచేయడమే నేరమవుతుంది, కాంట్రాక్టరుకు ఒక్కసారిగా విముక్తి. ఎటొచ్చీ ఒక్కటే చిక్కు. రక్షణ దక్కాలంటే కట్టడానికి వందేళ్లు నిండాలట. అంటే 2118. ఇప్పుడు నడుస్తున్న ఊపు చూస్తే, అప్పటిదాకా వీటిమీద బండి ఎక్కి పాడుచేసే ప్రమాదమేమీ కనబడటం లేదు.