మేత మిగిలిన పూట: ఒక చెక్ ట్రే ఆత్మకథ

నాలుగు ఇనుప చువ్వలు, వాటికి బిగించిన సన్నకన్ను వల, మూలకో తాడు. ఇంతే నేను. టెక్కలిలో ఒక వెల్డింగ్ షెడ్డులో పుట్టి, నౌపడ ఉప్పుమళ్లు దాటి, క్రీకు పక్క రొయ్యల చెరువుకు వచ్చాను. చెరువులో చల్లిన మేత లెక్క పుస్తకంలో ఉంటుంది. రొయ్యలు దాన్ని తిన్నాయో లేదో చెప్పేది మాత్రం నేనే. కిలో మేతకు రెండు మూడు గ్రాముల చొప్పున నా మీద వేసి నీళ్లలోకి దించుతారు, రెండు గంటలకు లాగి చూస్తారు. మేత మిగిలిందంటే ఆ పూట గట్టు మీద ఎవరికీ టీ గుర్తురాదు.

మా చెరువులో వేసేది వనామీ రొయ్య. 2009లో దీనికి అనుమతులొచ్చాయి. అంతకుముందు టైగర్ రొయ్యదే రాజ్యం. ఆ రోజుల సంగతి అడగాలంటే షెడ్డు మూలనున్న ముసలి డీజిల్ పంపునే అడగాలి. చైనా, తైవాన్‌ల వైపు 1992లో బయటపడ్డ తెల్లమచ్చ వైరస్, 1994-95 నాటికి మన తూర్పుతీరాన్ని ఊడ్చేసింది. తర్వాత వనామీ వచ్చింది. తల్లి రొయ్యలను విమానంలో తెచ్చి, చెన్నైలో క్వారంటైన్ చేసి మరీ హేచరీలకు ఇస్తారు. అయితే రోగం లేని పిల్ల వేరు, రోగం రాని పిల్ల వేరు. ఈ తేడా సీడ్ అమ్మేవాళ్లు గట్టిగా చెప్పగా నేనైతే వినలేదు.

చలి మొదలై నీళ్లు చల్లబడ్డాయంటే తెల్లమచ్చ వైరస్‌కు బలం. తేలినీలాపురం వలస కొంగలు ఇక్కడ ఉండేదీ ఆ రోజుల్లోనే. చచ్చిన రొయ్యను ఒక చెరువులో ముక్కున కరిచి, ఇంకో చెరువులో జారవిడుస్తాయి. పాపం, వాటికేం తెలుసు!

అలాంటి ఒక ఉదయం నన్ను పైకి లాగారు.

"ఏటిరా, మేతంతా అలాగే ఉండిపోనాది?"

"రాత్రీ అంతే మావా. గట్టువారకి వచ్చి తేలతన్నాయి."

మావ ఒక రొయ్యను తీసి, తలపెంకు ఒలిచి, లోపలి కండ తుడిచి ఎండకు పట్టి చూశాడు. గుండుసూది తలంత తెల్లచుక్కలు. గోటితో గీకినా పోలేదు. ఇక మూడు నుంచి పది రోజుల్లో చెరువంతా ఖాళీ అయిపోతుందని ఆయనకు తెలుసు. అప్పటికప్పుడు పట్టుబడి పెట్టించాడు. ఈ వైరస్ మనుషులను ఏమీ చేయదు. కొనేవాడికీ ఆ సంగతి తెలుసు, ధర మాత్రం రోగానికి తగ్గట్టే కట్టాడు.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. చెరువులో మిగిలిన నీళ్లను ఏం చేయాలి?

"తూము తీసీమంటావా మావా?"

"తీస్తే క్రీకులోకే కదా ఎల్తాది. రేపు పక్క చెరువు బావ మోటారేసి తోడుకునేది ఆ నీళ్లే."

ఈ తీరంలో ఒకరు వదిలిన నీళ్లే ఇంకొకరు తోడుకునేవి. చాలామంది రాత్రిపూట తూము తీసేసి ఊరుకుంటారు. మావ బ్లీచింగ్ చల్లించి, నీళ్లను అక్కడే కట్టి ఉంచాడు. పీతలు కూడా వైరస్ మోస్తాయని గట్టు చుట్టూ కంచె కట్టించాడు, పైన పిట్టల వల వేయించాడు. నన్నూ బ్లీచింగ్ నీళ్లలో ముంచి ఎండలో పడేశాడు. ఒక చెరువులో ముంచిన ట్రేని ఇంకోదాంట్లో ముంచితే, కొంగ చేసే పనే నేనూ చేస్తాను మరి.

ఇంకా ఎండలోనే ఉండగా పక్క చెరువాయన వచ్చాడు. ట్రే విరిగిపోయిందట, నన్ను రెండు రోజులకు అడిగాడు.

"ఇది ఇవ్వను బావా," అన్నాడు మావ. "కావలిస్తే డబ్బులిస్తాను, కొత్తది కట్టించుకో."