నత్తనడక పద్యము: టీకా తాత్పర్య సహితము

తే.గీ.
కొత్త డిస్కు వేసితి గాని నత్తనడక
పాతపెట్టెకు మారదా రాత యెపుడు
సొమ్ము పోసి కొన్నది యెల్ల దుమ్ము గలసె
చెప్పు మన్న యెచ్చట నుండె తప్పు నాకు

సందర్భము: మా పిన్ని కొడుకు తన పాత డెస్క్‌టాప్‌లో హార్డ్ డిస్కు పీకి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ బిగించాడు. రెండు నెలలకు వాట్సాప్‌లో నాకు పెట్టుకొన్న మొర ఇది.

ప్రతిపదార్థము: అన్న = ఓ అన్నా (కంప్యూటర్లు తెలిసినవాడినని చుట్టాలు నాకు అంటగట్టిన బిరుదు); కొత్త డిస్కు = ఎస్‌ఎస్‌డీని; వేసితిన్ = బిగించితిని; కాని = అయినను; నత్తనడక = నత్తవలె నడచుట (మానలేదు); పాతపెట్టెకు = జీ41 చిప్‌సెట్ బోర్డున్న క్యాబినెట్టుకు; దుమ్ము గలసె = వృథా అయ్యెను (మూత తెరిచి చూసినవారికి వాచ్యార్థమే చాలు).

తాత్పర్యము: స్పష్టము.

విశేషములు: 'నత్తనడక'. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు గనుక ఇది విరోధాభాసాలంకారమని ఒక మతం. కవికి అంత ఆలోచన లేదని నా మతం. డబ్బామీద సెకనుకు 550 ఎంబీ అని చదివాడు, ఇంట్లో కొలిస్తే 260 వచ్చింది, కడుపు మండింది. ఈ బోర్డులోని సాటా రెండో తరానిది. దాని వేగం సెకనుకు 3 గిగాబిట్లు. ఎనిమిది బిట్ల సరుకుకు తీగమీద పది బిట్లు వెళ్లాలి. అంచేత 300 ఎంబీ దాటడం బ్రహ్మతరం కూడా కాదు. అయినా దిగులక్కరలేదు. చిన్న ఫైలు వెతకడానికి హార్డ్ డిస్కుకు దాదాపు 10 మిల్లీసెకన్లు పడితే, ఎస్‌ఎస్‌డీకి అందులో నూరో వంతు చాలు. విండోస్ తెరుచుకోవడానికి అక్కరకొచ్చేది ఆ వెతుకులాటే.

కొందరు బయాస్‌లో డిస్కు మోడుగా ఉన్న 'ఐడీఈ' తీసి 'ఏహెచ్‌సీఐ' అనే పాఠాంతరం గ్రహించమంటారు. ఈ బోర్డులోని ఐసీహెచ్7కు ఆ పాఠమే లేదు. ఉన్న బోర్డుల్లోనైనా డ్రైవరు సిద్ధం చేయకుండా మారిస్తే నీలితెర దర్శనమిస్తుంది.

'రాత'. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. కవి నుదుటిరాత అనుకొనే వాడాడు. రోగం నిజంగా రాతలోనే ఉంది. ఫ్లాష్ మెమరీ పలకలాంటిది, తుడిస్తేనే మళ్లీ రాయగలం. రాసేది పేజీ చొప్పున, తుడిచేది బోలెడు పేజీలున్న బ్లాకు చొప్పున. ఫలానా ఫైలు చెరిపేశామని విండోస్ కబురు పెట్టకపోతే డిస్కు ఆ చెత్తను కూడా పదిలంగా మోస్తూ ఉంటుంది. ఆ కబురే ట్రిమ్. ఎక్స్‌పీలో లేదు, విండోస్ 7తో వచ్చింది. కమాండ్ ప్రాంప్టులో అడిగితే 'డిజేబుల్ డిలీట్ నోటిఫై' ఎదురుగా సున్న కనిపించింది: కబురును ఆపడమన్నది లేదు, అంటే కబురు వెళుతోంది. మీమాంసకులు మెచ్చే నిషేధానికి నిషేధం.

మరి ఆలస్యమెందుకు? మావాడు ఎక్స్‌పీ నాటి పార్టిషన్‌లోనే విండోస్ 7 వేసి, దాన్నే ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేశాడు. ఎక్స్‌పీ పార్టిషన్ 63వ సెక్టారునుంచి మొదలవుతుంది. నాలుగు కేబీల పేజీకి ఎనిమిది సెక్టార్లు. 63ను ఎనిమిదితో భాగించండి. ప్రతి రాతా రెండు పేజీలకు అడ్డంగా పడుతుంది. ఇది యతిభంగం! విస్టా నుంచి 2048వ సెక్టారు, లెక్క చక్కగా కుదిరింది. పద్యంలో నాలుగు పాదాలకూ ప్రాసయతి సరిగా వేసుకున్న మనిషి సెక్టార్ల దగ్గర తప్పాడు.

'తప్పు'. ఇంకొకటి కూడా ఉంది: సీ డ్రైవులో మిగిలిన ఖాళీ 4 జీబీ. మిగతాదంతా పెళ్లి వీడియో. ఖాళీ బ్లాకులు లేనిచోట డిస్కు రాయడానికి ముందు చోటు సర్దుకోవాలి, సర్దుబాటుకే పొద్దుపోతుంది.

వీడియోను పాత హార్డ్ డిస్కులోకి పంపి, పార్టిషన్ చెరిపి, విండోస్ మొదటినుంచి వేశాం. పెట్టె ఇప్పుడు చకచకా తెరుచుకుంటోంది. చదివే వేగం కొలిస్తే మాత్రం ఇప్పటికీ 260 ఎంబీయే.